ఎడ్వర్డ్ ఫోర్బ్స్ - సముద్రపు అడుగున ఒక గీత

ఈ యేడాది సావనీరుకి ఒక గొప్ప శాస్త్రజ్ఞుడి జీవితం వ్రాసి ఇమ్మని మన యూనియన్ వారు మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ మనసులో డార్విన్ ఉన్నాడని నాకు తెలుసు. జంతుశాస్త్రం మాష్టారు కదా, రిటైరయినా డార్విన్ మీద నాలుగు పేజీలు వ్రాయకపోతాడా అని వాళ్ళ ధీమా. డార్విన్ గురించి వ్రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ గురించి వ్రాస్తానన్నాను. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయనేం కనిపెట్టాడండీ అని కార్యదర్శి అడిగాడు. సముద్రంలో మూడువందల బారల లోతు దాటితే ప్రాణి అన్నది ఉండకపోవచ్చునని చెప్పాడు బాబూ అన్నాను. నిజంగా ఉండదా అండీ అన్నాడు. ఎందుకుండదు, బోలెడు ఉంటుంది అన్నాను. వాళ్ళు కాఫీ తాగి మర్యాదగా సెలవు తీసుకున్నారు గాని, ముసలాయనకి మతి తప్పిందనుకునే ఉంటారు.

ముందుగా ఈ బార సంగతి చెప్పాలి. మన తీరాన జాలర్లు లోతుని బారల్లో చెప్తారు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొసనుంచి ఆ కొసకి ఎంత ఉంటుందో అదే బార. సుమారు ఆరడుగులు. ఇంగ్లీషువాళ్ళ ఫాథం కూడా ఆరడుగులే. కనుక ఫాథం అని ఉండవలసిన చోటల్లా నేను బార అనే వ్రాస్తున్నాను. 300 బారలంటే దగ్గర దగ్గర 550 మీటర్లు.

ఫోర్బ్స్ 1815 ఫిబ్రవరి 12న మాన్ ద్వీపంలో డగ్లస్ అనే రేవుపట్నంలో పుట్టాడు. ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమ సముద్రంలో ఉన్న చిన్న దీవి అది. తండ్రి బ్యాంకు వ్యాపారి కనుక ఇంట్లో డబ్బుకి లోటు లేదు. పిల్లవాడు మాత్రం రోగిష్టి. నలుగురితో ఆడుకునే ఓపిక లేక ఇంటిపట్టున కూర్చుని పుస్తకాలు చదవడం, గుల్లలూ రాళ్ళూ ఎండిన పూలూ పోగుచెయ్యడం, కనిపించినదానికల్లా బొమ్మ గియ్యడం, ఇవే అతని ఆటలు. ఏడేళ్ళ వయసుకే ఇంట్లో ఒక మ్యూజియం వెలిసింది. పన్నెండేళ్ళు నిండకుండానే బ్రిటన్ ప్రకృతిశాస్త్రం యావత్తుకీ ఒక కరదీపిక తయారుచెయ్యడానికి పూనుకున్నాడు. ఆ వయసులో మనవాళ్ళు గోళీలాడుతూ ఉంటాం.

1831లో చిత్రకారుడవుదామని లండన్ వెళ్ళాడు. రాయల్ అకాడమీలో సీటు రాలేదు. ఇక చేసేది లేక అదే సంవత్సరం ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదవడానికి చేరాడు. చేరిన మాటే గాని, మనసు వైద్యం మీద లేదు. శవచ్ఛేదం క్లాసులో కూర్చుని నోటు పుస్తకం అంచుల్లో బొమ్మలు వేసుకునేవాడు. రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుడు ప్రకృతిశాస్త్రం చెప్పేవాడు. ఆయన పాఠాలకీ మ్యూజియానికీ, గ్రహాం అనే వృక్షశాస్త్రం ఆచార్యుడు తీసుకెళ్ళే కొండల షికార్లకీ మాత్రం తప్పకుండా హాజరు. 1836లో ఆఖరి పరీక్ష సమయానికి పరీక్షకే కూర్చోలేదు. డిగ్రీ లేకుండా బయటపడ్డాడు. మన కాలేజీలో ఇలాంటివాణ్ణి హాజరుపట్టీ చూసి ఎప్పుడో డిటెయిన్ చేసి ఉందుము, అందులో నా సంతకం కూడా ఉండేదేమో!

విద్యార్థి సంఘం పత్రికలో వ్రాస్తున్నాను గనక అతని విద్యార్థి జీవితం గురించి ఇంకొంచెం చెప్పకపోతే తప్పవుతుంది. స్నేహితులతో కలిసి ఒక విద్యార్థి పత్రిక నడిపాడు. మద్యం, ప్రేమ, విద్య అనే మూడింటినీ ఆరాధించే ఒక సోదర సంఘం పెట్టి, దానికి ఒక రిబ్బను కూడా ఏర్పాటు చేశాడు. 1838 జనవరిలో ఎడింబరోలో బాగా మంచు కురిసింది. కాలేజీ ముందు విద్యార్థులు మంచుముద్దలు విసురుకుంటూ వీధిలో పోయేవాళ్ళమీద కూడా విసిరారు. వాళ్ళు తిరగబడ్డారు, పోలీసులు వచ్చారు, గొడవ ముదిరి చివరికి కోటలోంచి సైనికుల్ని పిలిపించవలసి వచ్చింది. కొందరు విద్యార్థుల మీద కేసు నడిచింది, కొట్టేశారు. ఆ ఉదంతం మీద వేళాకోళం పాటలతో ఒక చిన్న పుస్తకం వెలువడింది. అందులో ఫోర్బ్స్ చెయ్యి ఉంది. ఇది చదివి మన వాళ్ళెవరూ ఉత్సాహపడనక్కరలేదు, మనకి మంచు పడదు.

ప్యారిస్‌లో కొంతకాలం పాఠాలు విన్నాడు, నార్వే, అల్జీర్స్ తిరిగాడు, తన దీవి చుట్టుపక్కల దొరికే నత్తలూ గుల్లల మీద 1838లో ఒక చిన్న పుస్తకం వేశాడు. ఈ తిరుగుళ్ళన్నీ నేను ఒక్క వాక్యంలో దాటేస్తున్నాను. ఎందుకంటే అతను చేసిన అసలు పని ఒక ఇనపచట్రం చుట్టూ తిరుగుతుంది.

ఆ చట్రం పేరు డ్రెడ్జి. నదుల్లో పూడిక తీసే పెద్ద యంత్రం కాదు, చేత్తో దింపేది. ఆలిచిప్పలు పట్టే బెస్తలు వాడే పనిముట్టు. పొడుగ్గా, ఇరుకుగా ఉన్న ఇనపనోరు, నోటి అంచు గోకుడుకత్తిలా పదును, వెనకాల సంచి. దాన్ని తాడుకి కట్టి పడవలోంచి వదిలితే అడుగున ఉన్న మన్నూ బురదా, అందులో ఉన్న ప్రాణులతో సహా గోక్కుంటూ సంచిలో వేసుకుంటుంది. పైకి లాగి జల్లెడ పట్టి చూసుకోవాలి. ఫోర్బ్స్ కంటే ముందే డెన్మార్కులో ఒట్టో ముల్లర్ అనే ఆయన దీన్ని శాస్త్రానికి వాడాడు. ఫోర్బ్స్ కుర్రతనం నుంచీ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడల్లా పడవేసుకుని ఇదే పని. అంతవరకూ పండితులు ఒడ్డుకి కొట్టుకొచ్చిన గవ్వలేరి అల్మారాల్లో పెట్టి పేర్లు పెట్టేవాళ్ళు. ఆ గవ్వలోని ప్రాణి ఎక్కడ బతికింది, ఎంత లోతులో, ఇసకలోనా బురదలోనా, దాని ఇరుగూ పొరుగూ ఎవరు అన్నది వాళ్ళకి పట్టేది కాదు. ఫోర్బ్స్‌కి పట్టింది అదే.

1839లో బర్మింగ్‌హాంలో బ్రిటిష్ అసోసియేషన్ సభలు జరిగినప్పుడు 24 ఏళ్ళ ఈ డిగ్రీలేని కుర్రవాడు పెద్దల్ని ఒప్పించి డ్రెడ్జింగ్‌కి ఒక కమిటీ వేయించాడు. 60 పౌన్ల గ్రాంటు కూడా వచ్చింది. కమిటీ చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఒక అచ్చు ఫారం. తేదీ, స్థలం, లోతు, ఒడ్డునుంచి దూరం, అడుగు ఇసకా బురదా రాయా, దొరికిన జాతి పేరు, బతికున్నవి ఎన్ని, చచ్చినవి ఎన్ని. ఇవీ గళ్ళు. పడవ వేసుకుని వెళ్ళే ప్రతివాడూ దాన్ని నింపి పంపాలి. ఆ చివరి రెండు గళ్ళే చూడండి. ఖాళీ గుల్ల ప్రవాహంలో ఎక్కడికైనా దొర్లిపోతుంది, ప్రాణి ఉన్న గుల్ల తన చోటునే ఉంటుంది. రెండింటినీ విడదీసి లెక్కపెట్టకపోతే సముద్రపు అడుగున ఎవరెక్కడ కాపురముంటున్నారో తేలదు. ఈనాడు మనం బెంథాస్ అనే పాఠం చెప్పుకుంటున్నామంటే దానికి పునాది ఇలాంటి ఫారాల్లోనే పడింది.

ఆ సభల్లోనే పెద్దల ఖరీదైన విందులు భరించలేక కుర్రకారంతా రెడ్ లయన్ అనే పూటకూళ్ళ ఇంట్లో చేరి భోజనాలు చేశారు. అదే ఒక సంఘమైంది. ఎవరి ప్రసంగమైనా నచ్చితే చప్పట్లు కొట్టకూడదు, సింహంలా గర్జించి కోటుతోక ఊపాలి. దీనికి కర్త ఫోర్బ్సే. డ్రెడ్జి మీద ఒక పాట కూడా కట్టి పాడేవాడు. 1841లో బ్రిటన్ సముద్ర నక్షత్రాల మీద అతను వేసిన పుస్తకంలో అధ్యాయాల చివర తను గీసిన కొంటెబొమ్మలు ఉంటాయి. అంత గంభీరమైన పుస్తకంలో అంత అల్లరి నేను మరెక్కడా చూడలేదు.

అదే 1841లో అతనికి అసలైన అవకాశం వచ్చింది. బీకన్ అనే ఇంగ్లీషు నౌక ఏజియన్ సముద్రంలో సర్వే చేస్తోంది. గ్రీసుకీ టర్కీకీ నడుమ దీవులతో నిండిన సముద్రం అది. కెప్టెన్ థామస్ గ్రేవ్స్ ఫోర్బ్స్‌ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా తనతో తీసుకున్నాడు. ఏడాదిన్నర పాటు దీవి దీవికీ తిరుగుతూ నూటికి పైగా డ్రెడ్జింగులు చేసి, ప్రతిదానికీ లెక్క వ్రాశాడు. ఒడ్డున తడిసే రాళ్ళనుంచి 230 బారల లోతుదాకా, అంటే సుమారు 420 మీటర్ల దాకా. అప్పట్లో అంత లోతు నుంచి, అంత పద్ధతిగా, అన్నిసార్లు అడుగుని పైకి తెచ్చి చూసినవాళ్ళు లేరు.

ఆ లెక్కల్లోంచి అతను సముద్రపు అడుగుని ఎనిమిది మండలాలుగా విడదీశాడు. అరకు ఘాటురోడ్డు ఎక్కుతూ ఉంటే ఒక ఎత్తుదాకా ఒకరకం చెట్లు, అది దాటితే మరొకరకం కనిపించినట్టు, సముద్రంలో దిగుతూ ఉంటే ప్రతి పట్టీకి దాని జాతులు దానికున్నాయి. పై మండలాల గుల్లలు రంగు రంగులుగా ఉంటే, కిందికి వెళ్ళే కొద్దీ వెలిసిపోయి తెల్లబడ్డాయి. దిగువ మండలాల్లో దొరికినవాటికి ఉత్తరాది చలిసముద్రాల ప్రాణులతో పోలికలు ఉన్నాయి. ఎక్కువ లోతుల్లో వ్యాపించగలిగిన జాతే ఎక్కువ దేశాల్లో కూడా వ్యాపించి ఉంటుందని కూడా గమనించాడు. ఇవన్నీ ఈనాటికీ పనికొచ్చే ఆలోచనలే.

ఇంకొకటి కూడా గమనించాడు. దిగే కొద్దీ జాతులు తగ్గుతున్నాయి. ఎనిమిదో మండలం 105 బారల దగ్గర మొదలై 230 దాకా ఉంది. అన్నిటికంటే విశాలమైన ఆ మండలంలోనే ప్రాణులు చాలా తక్కువ. ఈ తగ్గుదలని కాగితంమీద అలాగే కిందికి పొడిగిస్తే ఎక్కడో ఒకచోట సున్నా తగలాలి కదా. 300 బారల దగ్గర తగిలింది. అక్కడితో జీవం అయిపోయి ఉండవచ్చునన్నాడు. 1843లో కార్క్ నగరంలో జరిగిన సభల్లో ఈ నివేదిక ఇచ్చాడు.

డ్రెడ్జి వెళ్ళింది 230 దాకా, గీత వెళ్ళింది 300 దాకా. ఈ నడుమ ఉన్న 70 బారల్లోనే ఫోర్బ్స్ పేరు ఇరుక్కుపోయింది.

అది అందరికీ ఎందుకంత సులువుగా నచ్చిందో కూడా చూడండి. లోతున వెలుగుండదు, మొక్క మొలవదు, మొక్క లేకపోతే తిండి లేదు. పైన ఉన్న నీటి బరువుకి ప్రాణి నలిగిపోవాలి. చలి సరేసరి. ఇంతగా లోకజ్ఞానానికి సరిపోయే మాటని ఎవరు కాదంటారు? ఫోర్బ్స్ జాగ్రత్తగానే చెప్పాడు. తరువాత వ్రాసిన పుస్తకంలో కూడా అగాధంలో జీవం ఆరిపోయి ఉంటుందని, ఉంటే గింటే అక్కడక్కడ మిణుకు మిణుకుమంటూ ఉండొచ్చునన్న ధోరణిలోనే వ్రాశాడు. కాని చెప్పినవాడి జాగ్రత్త విన్నవాళ్ళకి ఉండదు కదా. బహుశా అన్న మాట రాలిపోయి 300 బారల కింద జీవం సున్నా అన్నదొక్కటే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఏజియన్ నుంచి ఎర్రసముద్రానికి వెళ్ళాలని ఫోర్బ్స్ కోరిక, గ్రాంటు కూడా సిద్ధమైంది. అక్కడినుంచి అతని జాతకం మారింది. 1842లో స్ప్రాట్ అనే నౌకాధికారి, డానియెల్ అనే మతాచార్యుడు, ఫోర్బ్స్ ముగ్గురూ కలిసి టర్కీ దక్షిణ తీరంలో లిసియా శిథిలాలు తిరిగారు. డానియెల్ అక్కడే జ్వరంతో చనిపోయాడు. ఫోర్బ్స్‌కీ జ్వరం తగిలి చావుతప్పి బయటపడ్డాడు గాని, ఆరోగ్యం మళ్ళీ మునుపటిలా కుదురుకోలేదు. అంతలో ఇంటిదగ్గర తండ్రి వ్యాపారం దెబ్బతిన్నదని కబురు. ఎర్రసముద్రం అక్కడితో సరి.

లండన్ వచ్చి కింగ్స్ కాలేజీలో వృక్షశాస్త్రం ఆచార్యుడిగా చేరాడు. యేడాదికి వంద పౌన్లు కూడా రాని ఉద్యోగం. అది చాలక జియొలాజికల్ సొసైటీలో 150 పౌన్లకి క్యూరేటరు పని. 1844లో జియొలాజికల్ సర్వేలో శిలాజాల నిపుణుడి ఉద్యోగం. పగలంతా ఇంకొకరి రాళ్ళకి చీట్లు అంటించడం, పాఠాలు చెప్పడం, రాత్రి తన పని. ఏజియన్‌లో పోగుచేసినదంతా పెద్ద గ్రంథంగా వెయ్యాలనుకున్నాడు. అది జరగనే లేదు. ట్యూషన్లు చెప్పుకుంటూ థీసిస్ పక్కన పెట్టేసిన లెక్చరర్లు మనలో ఎందరో ఉన్నారు, వాళ్ళకి ఈ పేరా వేరే వివరించనక్కరలేదు.

అయినా ఊరుకోలేదు. బ్రిటన్ దీవుల్లోని మొక్కలూ జంతువులూ ఏ దారిన వచ్చాయో, పాతకాలపు మంచుయుగాలతో భూమి మార్పులతో ముడిపెడుతూ 1846లో ఒక పెద్ద వ్యాసం వ్రాశాడు. కొండశిఖరాల మీద చలిదేశపు మొక్కలు ఎలా మిగిలిపోయాయన్న విషయంలో డార్విన్ కూడా అదే ఆలోచన ముందే వ్రాసిపెట్టుకున్నాడు గాని అచ్చువెయ్యలేదు, ఫోర్బ్స్ తనకంటే ముందు వేసేశాడని తరువాత ఆయనే చెప్పుకున్నాడు. యూనియన్ వారు అడిగిన డార్విన్ ఇలా నా వ్యాసంలోకి వచ్చినందుకు సంతోషం. సిల్వానస్ హాన్లీతో కలిసి బ్రిటిష్ మొలస్కాల మీద నాలుగు సంపుటాలు 1848 నుంచి 1853 లోపల వెలువరించాడు. 1848లోనే ఎమిలీ ఆష్‌వర్త్‌ని పెళ్ళిచేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. దూరసముద్రాలు తిరిగి 1850లో వచ్చిన హక్స్‌లీ అనే పేద యువకుడికి ఆసరాగా నిలబడ్డాడు. ఆ హక్స్‌లీయే తరువాత అంతటివాడయ్యాడు. తనకి తీరిక లేకపోయినా కుర్రవాళ్ళ కాగితాలు చదివి దిద్దిపెట్టే గుణం ఫోర్బ్స్‌ది. ఇది మాత్రం మాష్టర్లందరికీ ఉండదు.

అతని కోరికంతా ఎడింబరోలో జేమ్సన్ కుర్చీ మీదే. ఏ విశ్వవిద్యాలయంలో పరీక్షకి కూర్చోకుండా వెళ్ళిపోయాడో, అక్కడే ఆచార్యుడు కావాలి. 1854లో జేమ్సన్ చనిపోయాడు, ఫోర్బ్స్‌కి ఆ పదవి వచ్చింది. ఎండాకాలం పాఠాలు చెప్పాడు, హాలు పట్టలేదు. నవంబరులో చలికాలం పాఠాలు మొదలుపెట్టి కొద్ది రోజులు కాగానే మంచం పట్టాడు. 1854 నవంబరు 18న చనిపోయాడు. 39 ఏళ్ళు. అరడజను నెలలు కూర్చున్నాడు ఆ కుర్చీలో. యూరప్ సముద్రాల మీద అతను సగం వ్రాసి వదిలిన పుస్తకాన్ని గాడ్విన్ ఆస్టిన్ అనే స్నేహితుడు పూర్తిచేస్తే 1859లో అచ్చయింది.

గీత సంగతి ఆ మరుసటి సంవత్సరమే తేలిపోయింది. 1860లో బుల్‌డాగ్ అనే నౌక ఉత్తర అట్లాంటిక్‌లో లోతు చూస్తూ ఉంటే 1260 బారలకి దింపిన తాడుని పట్టుకుని సముద్ర నక్షత్రాలు పైకి వచ్చాయి. అదే యేడాది మధ్యధరా సముద్రంలో, అంటే ఫోర్బ్స్ వెతికిన సముద్రంలోనే, తెగిన తంతి కేబుల్‌ని 1200 బారల దగ్గరనుంచి లాగితే దానికి పగడాలూ గుల్లలూ అంటుకుని ఉన్నాయి. ఊరికే తగులుకోలేదు, అక్కడే పెరిగాయి. నార్వేలో సార్స్ అనే ఆయన అప్పటికే 300 బారల కింద దొరికిన జాతుల జాబితా వేశాడు. అంతెందుకు, ఫోర్బ్స్ మూడేళ్ళ పిల్లవాడుగా ఉన్నప్పుడే, 1818లో, జాన్ రాస్ అనే కెప్టెన్ ఉత్తరధ్రువం దిక్కున బాఫిన్ అఖాతంలో ఎన్నో వందల బారల లోతునుంచి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న ఒక నక్షత్ర ప్రాణిని పైకి తెచ్చాడు. యాత్రాగ్రంథంలో అచ్చయింది కూడా. చదివినవాళ్ళున్నా పట్టించుకున్నవాళ్ళు లేరు.

1869లో పోర్కుపైన్ అనే నౌకమీద వైవిల్ థామ్సన్ బృందం 2435 బారలకి డ్రెడ్జి దింపింది. ప్రాణులు వచ్చాయి. 1872 నుంచి 1876 దాకా ఛాలెంజర్ నౌక భూగోళమంతా చుట్టి వేల కొత్త జాతులు తెచ్చింది. దాని శాస్త్రబృందానికి నాయకుడైన థామ్సన్ అప్పటికి ఎడింబరోలో ఫోర్బ్స్ కూర్చున్న కుర్చీలోనే ఉన్నాడు. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌక 1880ల నుంచి మన బంగాళాఖాతంలోనూ లోతైన అడుగుని తవ్వి చేపల్నీ పీతల్నీ తెచ్చింది. 1951లో డేనిష్ వాళ్ళ గలాథియా నౌక ఫిలిప్పీన్స్ పక్క అగాధంలో పదివేల మీటర్లు దాటిన లోతునుంచి ప్రాణుల్ని పైకి తీసింది. ఇక మిగిలిన లోతే లేదు.

మరి ఫోర్బ్స్ లెక్క ఎక్కడ తప్పింది? అతను అబద్ధం వ్రాయలేదు. తూర్పు మధ్యధరా సముద్రం నిజంగానే బీద సముద్రం. లోతుప్రాణులకి తిండి పైనుంచి రాలే చచ్చిన సూక్ష్మజీవుల పొడి. పైన నీళ్ళలోనే సారం లేకపోతే కిందికి ఏం రాలుతుంది? దానికి తోడు అక్కడ అడుగుదాకా నీరు 13, 14 డిగ్రీల వెచ్చదనం, రాలేది కూడా దారిలోనే కుళ్ళిపోతుంది. ఆ బీద ఊరు చూసి లోకమంతా ఇంతేననుకున్నాడు. రెండోది, డ్రెడ్జి. నోరు చిన్నది, సంచికి నీరు పోయే కన్నాలు చిన్నవి. మెత్తని బురదలో పడగానే మొదటి నిమిషాల్లోనే నిండిపోయి, తరువాత ఎంతదూరం ఈడ్చినా ఏమీ పట్టదు. సంచి నిండా బురద వచ్చింది, ప్రాణి రాలేదు అంటే అక్కడ ప్రాణి లేదని అర్థం కాదు. బరువు సంగతికొస్తే, ప్రాణి లోపలి నీరూ బయటి నీరూ ఒకే ఒత్తిడిలో ఉన్నప్పుడు నలగడమన్న ప్రశ్నే రాదు. 1960లలో అమెరికన్లు సన్నని జల్లెడలతో లోతు బురదని కడిగి చూస్తే చిన్న చిన్న పురుగులూ గుల్లలూ ఎన్ని జాతులో తేలి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

మన తీరం సంగతి కూడా చెప్పుకోవాలి. బంగాళాఖాతంలో ఇంచుమించు 150 మీటర్లనుంచి ఏడెనిమిదివందల మీటర్ల దాకా నీటిలో ఆక్సిజన్ బాగా తక్కువ. ఆ నీరు తగిలే అడుగున ప్రాణుల రకాలు తక్కువ, అది దాటి దిగితే మళ్ళీ పెరుగుతాయి. ఫోర్బ్స్ బీకన్ ఎక్కే బదులు మన దిక్కు వచ్చి ఉన్నా ఆ కాగితం మీద అదే గీత గీసేవాడనిపిస్తుంది.

ఇంత ఉత్సాహంగా ఈ తప్పు గురించి వ్రాస్తున్నానంటే కారణం ఉంది. నేనూ ఒక సున్నా వేశాను.

ఎమ్మెస్సీ డిసర్టేషను కోసం తీరానికి ఎదురుగా లోతు పెరిగే వరసలో ఐదు స్టేషన్లు పెట్టుకుని, జాలర్ల పడవలో వెళ్ళి చిన్న డ్రెడ్జి వేసేవాణ్ణి. ఐదోది ముప్ఫై బారల దగ్గర. వెళ్ళిన రోజు సముద్రం పోటుమీద ఉంది, పొద్దుటినుంచీ వాంతులు. డ్రెడ్జి నిండా జిగురుబంక మట్టి. నా దగ్గరున్నది రెండు మిల్లీమీటర్ల జల్లెడ. రెండు బిందెల నీళ్ళతో కడిగినట్టు చేసి, ఏమీ కనిపించకపోతే సున్నా అని వ్రాసేసుకున్నాను. మళ్ళీ వెయ్యమంటారా బాబూ అని పడవతను అడిగాడు. వద్దు, ఒడ్డుకి పోనీమన్నాను. మొదటి నాలుగు స్టేషన్లలోనూ అంకెలు వరసగా తగ్గుతూ ఉండడంతో ఐదోదాని సున్నా ఎంతో అందంగా అమరింది. గ్రాఫు చూసి పరీక్షకులు కూడా మెచ్చుకున్నారు. తరువాత వచ్చిన ఇద్దరు విద్యార్థులు ఆ స్టేషనుకి వెళ్ళకుండానే, అది ప్రాణిశూన్యమని నా పేరు చెప్పి తమ డిసర్టేషన్లలో వ్రాశారు.

పదకొండేళ్ళ తరువాత ఒక రీసెర్చి విద్యార్థిని నా గదికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ అమ్మాయి అరమిల్లీమీటరు జల్లెడ పట్టుకుని అక్కడికి వెళ్ళింది. వెంట్రుకంత సన్నని పాలీకీట్ పురుగులు ఫార్మలిన్ సీసాల్లో వేసి తెచ్చింది. డజన్లకొద్దీ ఉన్నాయి. నేను చేసిన మొదటి పని ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. చోటు సరిగ్గా గుర్తుపట్టావా, పడవవాడు వేరే దిక్కుకి తీసుకెళ్ళాడేమో అని గద్దించాను. ఆ అమ్మాయి మాట్లాడకుండా నోటుపుస్తకం నా ముందు పెట్టింది. తేదీ, లోతు, ఒడ్డుమీద గుర్తుపెట్టుకున్న రెండు ఆనవాళ్ళు, అడుగు ఎలాంటిది, జల్లెడ కన్నం ఎంత, బతికున్నవి ఎన్ని, ఖాళీ గొట్టాలు ఎన్ని, అన్నీ గళ్ళు గీసి వ్రాసి ఉన్నాయి. రెండోసారి, మూడోసారి వేసిన లెక్కలు కూడా ఉన్నాయి. నా పాత నోటుపుస్తకంలో ఆ పేజీలో సున్నా తప్ప జల్లెడ మాట కూడా లేదు.

ఆ రాత్రే నేను ఫోర్బ్స్ గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. అతని తప్పుని పట్టుకోగలిగారంటే తను ఎంత లోతుదాకా వెళ్ళాడో, ఎక్కడినుంచి ఊహ మొదలైందో అతనే వ్రాసిపెట్టాడు గనక. నా తప్పు పట్టుకోవడానికి నా పుస్తకంలో ఏ ఆధారమూ లేదు, ఆ అమ్మాయి మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళవలసి వచ్చింది.

మర్నాడు డిపార్టుమెంటు లైబ్రరీలో నా డిసర్టేషను తీయించి, ఆ గ్రాఫు ఉన్న పేజీకి ఎదురుగా ఒక తెల్లకాగితం అంటించాను. ఐదో స్టేషను సున్నా తప్పనీ, వాడిన జల్లెడ రెండు మిల్లీమీటర్లనీ, డ్రెడ్జి ఒక్కసారే వేశాననీ వ్రాసి, కింద ఆ అమ్మాయి అంకెలు ఎక్కించి సంతకం పెట్టాను. జిగురు ఎక్కువై రెండు పేజీలు అంటుకుపోయాయి, తీసేటప్పుడు కొంచెం చిరిగింది. బీరువాలో కింది అరలో, ఎడమవైపునుంచి మూడో పుస్తకం.